గుట్టల దారిలో సైకిలు

మా హుస్నాబాదు నుండి ఏ దిక్కుకు బయలుదేరినా గుట్ట కనబడక మానదు. ఇవి మేఘమండలాన్ని తాకే పర్వతాలు కావు. ప్రబంధకవులు పుటలకొలది వర్ణించిన హిమవంతానికీ వీటికీ పోలిక లేదు. నల్లని గుండ్రాళ్లను ఎవరో తీరికగా పేర్చినట్లుండే బోడిగుట్టలు కొన్ని. సీతాఫలపు పొదలు, మోదుగుచెట్లు కప్పుకున్న గుట్టలు మరికొన్ని. రెండు గుట్టల నడుమ నుండి దారి దూరిపోయే చోటును మావైపు గండి అంటారు. ఉమ్మాపూరు దగ్గరి మహాసముద్రం గండి అటువంటిదే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మా ఊరు కరీంనగర్ జిల్లా నుండి సిద్దిపేట జిల్లాలోకి మారింది గాని, గుట్టలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

మేము బాపు అని పిలిచే మా తండ్రిగారు ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులు. ఆయన పాఠశాల గండికి ఆవలి పల్లెలో ఉండేది. ప్రతిదినం ఉదయం చద్దన్నం తిని, వెనుక క్యారేజీకి హాజరుపట్టీ, గొడుగు, సద్దిగిన్నె కట్టుకొని సైకిలుపై బయలుదేరేవారు. ఆ సైకిలు నల్లనిది, బరువైనది. బ్రేకులకు తీగలకు మారుగా ఇనుప కడ్డీలుండేవి. ఆదివారం నాడు మా అన్నయ్యా నేనూ దానిని కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాళ్లం. సీటు అందని వయస్సులో చట్రం నడుమ త్రికోణంలోనుండి కాలు అవతలికి దూర్చి తొక్కడం నేర్చుకున్నాం. దానిని మావైపు 'కైంచి' తొక్కుడు అంటారు. ఉర్దూలో కైంచి అంటే కత్తెర. నాకు కైంచి నేర్పింది అన్నయ్యే. వెనుక క్యారేజీ పట్టుకొని పరుగెత్తేవాడు. ఎప్పుడు వదలిపెట్టేవాడో నాకు తెలిసేది కాదు.

బాపుకు సైకిలు విషయంలో ఒక నియమం ఉండేది. ఎంత దూరమైనా మమ్మల్ని ముందు కడ్డీపై కూర్చోబెట్టుకొని తొక్కేవారు. కాని గండి దిగుడు మొదలుకాగానే ఆగి, దింపి, "నడువుండ్రి" అనేవారు. తామూ దిగి సైకిలు పట్టుకొని నడిచేవారు. "ఎక్కుడు కాళ్ల పని, దిగుడు బుద్ధి పని" అన్నది ఆయన మాట. చిన్నతనంలో ఇది మాకు విడ్డూరంగా తోచేది. ఎక్కేటప్పుడు చెమటోడ్చి తొక్కిన మనిషి, సుఖంగా జారిపోవలసిన చోట దిగి నడవడమేమిటి? ఇరుగుపొరుగు పిల్లలు రెండు కాళ్లూ చాపి కేకలు వేస్తూ మమ్మల్ని దాటిపోతుంటే సిగ్గుపడేవాళ్లం.

బడి, పోస్టు, పాలు, బట్టలమూట, కల్లుకుండ, వీటిలో ఏదో ఒక పని లేకుండా మావైపు ఎవరూ సైకిలు ఎక్కగా నేను చూడలేదు. కొండను చూడడం కోసం, కొండ ఎక్కడం కోసం, అలసట కోసమే సైకిలు తొక్కే మనుషులు లోకంలో ఉన్నారని నాకు తెలిసింది కళాశాలలో ఉద్యోగంలో చేరిన తరువాతనే. గ్రంథాలయంలో ఇంగ్లండు దేశపు సైకిలు విహారాలను గురించిన పుస్తకమొకటి చేతికి చిక్కింది. ప్రాచీన కావ్యాలపై పరిశోధన చేస్తున్న నాకు దానితో ప్రయోజనం లేదు. అయినా ఆ రాత్రి దీపం ఆర్పకుండా చదివాను.

అక్కడ 1878లోనే సైకిలు యాత్రికులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆనాటి సైకిలు నేటి సైకిలు కాదు. ముందు చక్రం మనిషి భుజమంత ఎత్తు. వెనుక చక్రం పళ్లెమంత. దిగుడులో ముందు చక్రానికి రాయి తగిలితే మనిషి తలక్రిందులుగా ఎగిరి పడేవాడు. 1885లో కోవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలనూ ఇంచుమించు సమానం చేసి, వెనుక చక్రాన్ని గొలుసుతో నడిపే సైకిలును తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును తెచ్చాడు. అప్పటికీ బ్రేకులు బలహీనమైనవే. తొక్కులు చక్రంతోపాటు తిరుగుతూనే ఉండేవి గనుక, దిగుడులో పాదాలు తొక్కులపై నుండి తీసి పైకి పెట్టుకోవలసివచ్చేది. ఆ కారణంచేత యాత్రికుల సంఘం వారు ప్రమాదకరమైన కొండదిగుళ్ల వద్ద హెచ్చరిక పలకలు నాటించారు. మోటారు వాహనాల కోసం రహదారి గుర్తులు పుట్టాయని మనం అనుకుంటాం. సైకిలువాడు వాటికంటె ముందే తన తరువాతివాని తల కాపాడడానికి పలక నాటాడు. ఆ పుట చదివినప్పుడు నాకు బాపు గుర్తుకువచ్చారు.

ఆ దేశపు కొండలు కూడా గొప్ప ఎత్తయినవేమీ కావు. ఉత్తర ఇంగ్లండులో పెన్నైన్ కొండల మీదుగా పడమటి సముద్రతీరం నుండి తూర్పు సముద్రతీరానికి పోయే సైకిలు మార్గమొకటి 1994లో ఏర్పడింది. దాని నిడివి సుమారు 225 కిలోమీటర్లు. యాత్రికులు వెనుక చక్రాన్ని ఐరిష్ సముద్రంలో తడిపి బయలుదేరి, ముందు చక్రాన్ని ఉత్తర సముద్రంలో తడిపి యాత్ర ముగిస్తారు. ఆ మార్గంలో పేరుపడిన ఎక్కుడు హార్ట్‌సైడ్ కనుమ. ఎత్తు 580 మీటర్లు మాత్రమే. ఎత్తుకంటె వాలు ముఖ్యం. సరస్సుల ప్రాంతంలోని హార్డ్‌నాట్ కనుమ కొన్నిచోట్ల మూడడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచేటంత నిటారుగా ఉంటుంది. అక్కడ చేయి తిరిగిన సైకిలువాడు కూడా దిగి నడుస్తాడు. పుస్తకంలో ఈ సంగతి రాసిన పెద్దమనిషి దానిని చిన్నతనంగా భావించకపోవడం నాకు నచ్చింది.

మన దేశంలోనూ ఇటువంటి సాహసులు లేకపోలేదు. 1923లో బొంబాయి నుండి కొందరు పార్శీ యువకులు సైకిళ్లపై ప్రపంచయాత్రకు బయలుదేరగా, వారిలో ముగ్గురు 1928లో యాత్ర పూర్తిచేసుకొని తిరిగివచ్చారు. వారి కథ వేరే పాఠానికి తగినంతది.

ఇక నా సంగతి. బాపు 2012లో కాలధర్మం చెందారు. సైకిలు ఇంటి వసారాలో గోడకు ఆనించి ఉండేది. టైర్లు పగిలి, చైను తుప్పుపట్టి, సీటు తోలు చిట్లి ఉంది. మరుసటి సంవత్సరం ఇంటికి మరమ్మతు చేయిస్తూ, వసారా ఖాళీ చేయవలసివచ్చి, పాత ఇనుప సామాను కొనేవానికి దానిని ఇచ్చివేశాను. అతడు 350 రూపాయలు ఇచ్చాడు. ఆ పైకంతో ఆనాటి కూలీలకు చాయ, పలహారం తెప్పించాను. అన్నయ్యకు ఒక మాట చెప్పాలన్న ఆలోచన కూడా నాకు కలగలేదు. ఆయన నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేస్తూ నిర్మల్‌లో స్థిరపడ్డాడు. సంవత్సరీకానికి వచ్చినప్పుడు వసారా మూల వైపు చూశాడు. "సైకిలేది?" అన్నాడు. చెప్పాను. ఏమీ అనలేదు. భోజనం చేసి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు.

పోట్లాట జరిగి ఉంటే బాగుండేది. పోట్లాటకు మొదలూ తుదీ ఉంటాయి. మా మధ్య జరిగింది అది కాదు. పండుగలకు ఫోను, పెళ్లిళ్లకు పలకరింపు, "మంచిదేనా" అంటే "మంచిదే" అనడం. ఇట్లా తొమ్మిదేళ్లు గడిచాయి. పాత ఇనుముకోసం మనిషి ఇంతగా మనసు పెట్టుకుంటాడా అని నేను విసుక్కునేవాణ్ణి. భరతుని భ్రాతృభక్తిని గురించి తరగతి గదిలో గంటసేపు ఉపన్యసించి ఇంటికి వచ్చి విసుక్కునేవాణ్ణి. పంతుళ్లకు ఇదొక సౌకర్యం.

2022లో వైద్యుడు నా రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నదని చెప్పి వ్యాయామం విధించాడు. నా వద్ద చదివి వ్యాయామోపాధ్యాయుడైన శిష్యుడొకడు గేర్ల సైకిలు కొనిపించి, మూడు నెలలు నాతో పొద్దున్నే గండి దాకా తొక్కించాడు. ఆ తరువాత, "సార్, కుంటాల జలపాతం దాకా పోదామా?" అన్నాడు. హుస్నాబాదు నుండి కరీంనగర్ సుమారు 40 కిలోమీటర్లు, అక్కడినుండి జగిత్యాల 50, ఆర్మూరు మరో 70, నిర్మల్ 50, ఘాట్ ఎక్కి నేరేడిగొండ మీదుగా కుంటాల 45. మొత్తం 255. ఇంగ్లండులో సముద్రం నుండి సముద్రం దాకా పోయే దారికంటె కొంత ఎక్కువే. లెక్క వేస్తూ వేస్తూ నిర్మల్ అన్న పేరు దగ్గర నా వేలు ఆగింది. కుంటాల అన్నది నేను నలుగురికీ చెప్పిన పేరు మాత్రమే.

నవంబరు నెల. వరికోతలు ముగిసి పొలాలలో కొయ్యకాళ్లు మిగిలి ఉన్నాయి. చిగురుమామిడి దాటేసరికి తెల్లవారింది. కరీంనగర్‌లో ఆ దినం విశ్రమించి, మరునాడు జగిత్యాల దారి పట్టాము. గంగాధర సమీపంలో కురిక్యాల గ్రామానికి దగ్గరగా బొమ్మలమ్మగుట్ట ఉంది. శిష్యుడు నీళ్లు తాగుతూ చెట్టు క్రింద కూర్చున్నాడు. నేను గుట్ట వైపు నడిచాను.

ఆ గుట్టపై రాతిలో జైన తీర్థంకరుల మూర్తులు, చక్రేశ్వరీదేవి మూర్తి చెక్కబడి ఉన్నాయి. వాటి క్రింద క్రీస్తుశకం 945 ప్రాంతానికి చెందిన శాసనం ఉంది. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడూ అందులో ఉన్నాయి. తెలుగులో ఉన్నవి మూడు కందపద్యాలు. నన్నయకు సుమారు నూరేళ్లకు ముందే మా జిల్లా రాతిపై కందం నడిచిందన్నమాట. తెలుగు కవిత్వపు ప్రాచీనతకు చూపే ఆధారాలలో దీనిని తప్పక పేర్కొంటారు. దీనిని వేయించినవాడు జినవల్లభుడు. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి, 941లో కన్నడంలో విక్రమార్జున విజయం రచించిన మహాకవి పంపనికి ఇతడు తమ్ముడు.

ఈ సంగతులు నేను పాతికేళ్లుగా తరగతిలో చెబుతున్నవే. కందపద్య లక్షణం, గణాలు, యతిప్రాసలు, శాసనభాష, అన్నీ చెప్పేవాణ్ణి. ఆ దినం ఎండలో రాతిముందు నిలబడినప్పుడు మరొక సంగతి తోచింది. జినవల్లభుడు ఇక్కడ గుడి కట్టించాడు, తోట వేయించాడు, చెరువు తవ్వించాడు. చెరువుకు పెట్టిన పేరు కవితాగుణార్ణవం. అది పంపకవి బిరుదు. తన డబ్బుతో తవ్వించిన చెరువుకు అన్న బిరుదు పెట్టుకున్నాడు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఎన్నోసార్లు ఇచ్చిన వాక్యమది. నేను గుట్ట దిగి, సైకిలెక్కి, చాలాసేపు మాట్లాడలేదు. "ఎండదెబ్బ తగిలిందా సార్?" అని శిష్యుడు అడిగాడు.

ఆ దారిలోనే కొండగట్టు వస్తుంది. గుట్టపైని ఆంజనేయస్వామికి క్రింది నుండే దండం పెట్టుకున్నాము. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్ దారిలో ప్రయాణికులతో క్రిక్కిరిసిన బస్సు లోయలోకి పడి అరవైమందికి పైగా మరణించారు. మృతులలో ఎక్కువమంది చుట్టుపట్ల పల్లెల పేదలు. గుట్ట చిన్నదని దిగుడు చిన్నది కాదు.

జగిత్యాల నుండి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు దాకా దారి చదునుగా ఉంటుంది. ఇరువైపులా పసుపు చేలు. చెప్పుకోదగిన విశేషం ఒక పంక్చరు. సొల్యూషన్ డబ్బా ఎండిపోయి ఉండడంతో రెండు కిలోమీటర్లు సైకిలు నడిపించుకొని పోవలసివచ్చింది. ఆర్మూరులో నవనాథుల గుట్ట బండరాళ్లను చూసి, రాత్రి అక్కడ గడిపి, మరునాడు ఉత్తరదిశగా సాగాము. సోన్ వద్ద గోదావరి వంతెన దాటుతుంటే గాలి ఎదురుగా కొట్టింది. ఎక్కుడు కంటె ఎదురుగాలి కఠినమని నా అభిప్రాయం. కొండకు శిఖరమన్నది ఒకటి ఉంటుంది. గాలికి అదీ లేదు.

సాయంత్రానికి నిర్మల్ చేరాము. శిష్యుడు తన బంధువుల ఇంటికి వెళ్లాడు. నేను అన్నయ్య ఇంటి ముందు సైకిలు దిగాను. తలుపు తీసిన వదినె నన్నూ, నా వేషాన్నీ, సైకిలునూ చూసి లోపలికి కేక వేసింది. అన్నయ్య వచ్చాడు. నన్ను పలకరించకముందే వంగి వెనుక చక్రాన్ని తిప్పి చూశాడు.

"హుస్నాబాద్ నుంచి దీని మీదనే వచ్చినవా?"

"అవును అన్నా."

"బ్రేకు రబ్బర్లు అరిగినయి" అని లోపలికి నడిచాడు.

భోజనాల వద్ద మాటలు సాగలేదు. వదినె మాత్రం పిల్లల సంగతులు, చుట్టాల సంగతులు చెబుతూ కూర్చున్నది. ఆమె లేచి వెళ్లిన తరువాత అన్నయ్య కంచం వైపే చూస్తూ, "ఎంతకు అమ్మినవ్ తమ్మీ?" అన్నాడు. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న అదే మొదటిసారి.

"మూడు వందల యాభైకి."

"నన్నడిగితే నేనే కొందును గదా" అన్నాడు.

నా వద్ద సమాధానం లేదు. అలంకారశాస్త్రంలో మౌనానికి కూడా అర్థాలు చెప్పారు గాని, నా మౌనానికి ఒకటే అర్థం.

మరునాడు వేకువన నేను బయలుదేరుతుంటే అన్నయ్య మనవని సైకిలు బయటకు తీశాడు. "ఘాట్ మీదిదాక నేనూ వస్త" అన్నాడు. ఆయనకు అరవై దాటాయి. వద్దనడానికి నాకు నోరు రాలేదు. వదినె అన్నది, ఆయన వినలేదు.

నిర్మల్‌కు ఉత్తరాన కొంతదూరం పోగానే మహబూబ్ ఘాట్ ఎదురవుతుంది. మైదానం ముగిసి సాత్మాల కొండలు మొదలయ్యే చోటది. ఉత్తర దక్షిణాలను కలిపే పాత ఏడవ నంబరు జాతీయ రహదారికి 2010లో నలభైనాలుగవ నంబరు వచ్చింది. నాలుగు వరుసల దారి వేరుగా ఏర్పడిన తరువాత ఈ పాత దారిలో లారీల రద్దీ తగ్గింది. ఇరువైపులా టేకు వనం. నవంబరులో టేకాకులు ఇంకా రాలవు. మంచు పడి తడిసిన పెద్దపెద్ద ఆకులనుండి నీటిబొట్లు దారిపై పడుతుంటాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ క్రింద వదలివచ్చిన దారి మరింత సన్నగా కనిపిస్తుంది. పిట్టగోడలపై కోతులు కాపురమున్నాయి.

ఇక్కడ ఎక్కుడు లెక్క కొంత చెప్పాలి. మనిషి, సైకిలు, మూట కలిపి 90 కిలోల బరువనుకుందాం. దానిని 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని సుమారు 88 వేల జౌళ్లు. మన శరీరం తిన్న ఆహారపు శక్తిలో నాలుగోవంతును మించి కండరాల పనిగా మార్చలేదు. ఆ నష్టం కలుపుకొన్నా ఈ ఎక్కుడుకు ఒక జొన్నరొట్టె చాలు. చిక్కంతా ఆ రొట్టెను ఎంతసేపట్లో ఖర్చుచేయాలన్నదే. బాపు సైకిలువంటి దానిలో ముందు చక్రానికి 48 పళ్లు, వెనుక దానికి 18 పళ్లు ఉంటే, తొక్కు ఒక చుట్టు తిరిగేసరికి వెనుక చక్రం రెండున్నర చుట్లకు పైగా తిరుగుతుంది. చదునులో అది వేగం. ఎక్కుడులో అది శిక్ష. గేర్ల సైకిలులో ముందు 28, వెనుక 34 పళ్లు కలిపితే తొక్కు చుట్టు తిరిగినా చక్రం పూర్తి చుట్టు తిరగదు. నత్తలాగా పోతాము, కాని పోతాము. ఊపిరి అందే వేగానికి గేరు దింపుకోవడమే ఎక్కుడు విద్య. లేచి నిలబడి పంతానికి తొక్కినవాడు రెండవ మలుపు వద్ద కూర్చుండిపోతాడు.

అన్నయ్యకు గేర్లు అలవాటు లేవు. మూడవ మలుపు వద్ద దిగాడు. నేనూ దిగాను. "నువ్వు తొక్కు, నేను మెల్లగ వస్త" అన్నాడు. "నడుద్దాం తీయ్ అన్నా" అన్నాను. శిష్యుడు పరిస్థితి గ్రహించి ముందుకు సాగిపోయాడు. మాటకు సైకిలు నడక వంటి అనువైనది లేదు. ఇద్దరి చూపూ దారిపై ఉంటుంది. చేతులకు పని ఉంటుంది. మొగం మొగం చూసుకోనక్కరలేదు.

కొంతదూరం నడిచాక అన్నయ్య చెప్పసాగాడు. తనకు అప్పుడు ఎనిమిదేళ్లు, నాకింకా ఏడాది నిండలేదు. వానకాలం. బాపు తనను ముందు కడ్డీపై తువాలు మడిచి కూర్చోబెట్టుకొని పాఠశాలనుండి వస్తున్నారు. గండి దిగుడులో సైకిలు అందుకుంది. బాపు బ్రేకు పట్టారు. వానకు తడిసిన ఇనుప చక్రంపై రబ్బరు పట్టు దొరకలేదు. మలుపులో ఎడ్లబండి అడ్డంగా ఉన్నది. బాపు సైకిలును బండి మీదికి పోనీయకుండా ప్రక్కనున్న బండరాయి వైపు తిప్పి, ఎడమచేయి అడ్డంపెట్టారు. చేయి మణికట్టు వద్ద విరిగింది. పైకడ్డీ రాతికి తగిలి సొట్టపోయింది. అన్నయ్యకు మోకాలు కూడా చెక్కుకుపోలేదు.

"అమ్మకు చెప్పకు బిడ్డా, భయపడతది అన్నడు. బురదల కాలు జారిందని చెప్పిండు. నేను గూడ అదే చెప్పిన. ఇగ ఎవ్వరికీ చెప్పలే" అన్నాడు అన్నయ్య. రెండడుగులు వేసి, "ఆ సొట్ట మీద ఎన్నిసార్లు చెయ్యి పెట్టి చూసిన్నో నీకు తెల్వదు" అన్నాడు.

ఆ సొట్ట నాకు తెలుసు. నూనెగుడ్డతో తుడిచేటప్పుడు నా వేలు దానిలో పడేది. కొన్నప్పటినుండి ఉన్న లోపమేమో అనుకున్నాను. బాపు ఎడమచేయి పూర్తిగా తిరగకపోవడం తెలుసు. దిగుడులో మమ్మల్ని దింపి నడిపించడం తెలుసు. 'దిగుడు బుద్ధి పని' అన్న మాట ఎన్నో సభలలో నా మాటగా చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఇవన్నీ ఒకే సాయంత్రానికి చెందినవని మాత్రం తెలియదు. శిథిల శాసనంలో ఎగిరిపోయిన అక్షరాలను పూరించి అర్థం చెప్పడం నా వృత్తి. ఇంట్లోని ఇనుపకడ్డీపై ఉన్న ఒక్క అక్షరాన్ని చదవలేకపోయాను. చదవకుండానే తూకానికి అమ్మాను.

"తప్పయింది అన్నా" అన్నాను.

"నీకు తెల్వదు గద" అన్నాడు. క్షమించినట్లు కాదు, ఉన్నమాట చెప్పినట్లు. అటుపైన చాలాసేపు మా ఫ్రీవీళ్ల టకటక శబ్దమే వినిపించింది.

ఘాట్ పైకి చేరేసరికి ఎండ చురుక్కుమన్నది. శిష్యుడు అక్కడ ఎదురుచూస్తున్నాడు. అన్నయ్య సీసాలో నీళ్లు తాగి, దిగుడులో బ్రేకు ఎట్లా పట్టాలో మనవని సైకిలుపై తానే ఒకసారి సరిచూసుకున్నాడు. "నేను నడిచే దిగుత" అన్నాడు. ఆయన మలుపు దాటి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాము. నడుస్తూనే ఉన్నాడు.

పైన దారి ఎత్తుపల్లాలుగా సాగుతుంది. పత్తిచేలు, మధ్యమధ్య గోండు గూడేలు, ఇప్పచెట్లు. నేరేడిగొండ నుండి ప్రక్కదారిలో పది పన్నెండు కిలోమీటర్లు పోతే కుంటాల. కడెం నది అక్కడ సుమారు 45 మీటర్ల ఎత్తునుండి మెట్లుమెట్లుగా దూకుతుంది. తెలంగాణలోని ఎత్తయిన జలపాతాలలో అది ఒకటి. శకుంతల విహరించిన చోటు గనుక ఆ పేరు వచ్చిందని స్థానికుల కథ. కాళిదాసును చదివినవాణ్ణి గనుక నేను నమ్మను. కాని ఆ నీటి తుంపర మొగంపై పడినప్పుడు వాదించాలనిపించలేదు. సైకిళ్లు పైన కట్టివేసి వందలాది మెట్లు దిగి, నీటికి దూరంగానే కూర్చున్నాము. క్రింది మడుగులు లోతైనవి. ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు అనేకులు. ఇంగ్లండు యాత్రికుల ఆచారం గుర్తుకువచ్చి చక్రం తడపాలనిపించింది గాని, సైకిలును అన్ని మెట్లు మోసే శక్తి కాళ్లలో లేదు. సీసాలో నీళ్లు పట్టుకొని వచ్చి చక్రంపై పోశాను. శిష్యుడు నవ్వాడు.

ఆ రాత్రి నేరేడిగొండలో గడిపి మరునాడు తిరుగుముఖం పట్టాము. ఎక్కినప్పుడు రెండు గంటలు పట్టిన ఘాట్ దిగడానికి పావుగంట చాలునని శిష్యుడు ఉత్సాహపడుతున్నాడు. అతనికి దిగుడు విద్య చెప్పాను. మలుపులోకి పోయాక కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. ముందు బ్రేకుకు బలమెక్కువ గనుక దానిని ఒక్కసారిగా నొక్కరాదు. రెండు బ్రేకులనూ పట్టుతూ వదులుతూ పోవాలి. అదేపనిగా పట్టి ఉంచితే చక్రపు అంచు వేడెక్కి రబ్బరు కరుగుతుంది. చెబుతూనే నా రబ్బర్ల వైపు చూసుకున్నాను. లోపలి ఇనుము కనబడేందుకు అట్టే వ్యవధి లేదు.

ఘాట్ పైభాగాన, నిన్న మేము ఆగిన చోటనే, చెట్టు క్రింద ఒక స్కూటరు నిలిపి ఉంది. పిట్టగోడపై అన్నయ్య కూర్చొని ఉన్నాడు. కోతులు ఆయనకు రెండు గజాల దూరంలో కూర్చొని ఆయన చేతిలోని కాగితపు పొట్లంవైపే చూస్తున్నాయి. నన్ను చూడగానే లేచి వచ్చాడు. పొట్లం విప్పితే అందులో కొత్త బ్రేకు రబ్బర్లు రెండు జతలు, ఒక పానా ఉన్నాయి.

"పండుకోబెట్టు" అన్నాడు సైకిలు వైపు చేయి చూపి. నేను దానిని దారిప్రక్క గడ్డిపై ఒరిగించాను. ఆయన గొంతుకూర్చొని, కళ్లద్దాలు సవరించుకొని, మొదటి మరను విప్పసాగాడు.